ఈసీజీ గదిలో గురువుగారు

“ఎరుపు కుడి చెయ్యి, పసుపు ఎడమ చెయ్యి, పచ్చ ఎడమ కాలు, నలుపు కుడి కాలు. తెల్లది ఛాతీ మీద తిరిగేది.”

హౌస్ సర్జన్సీలో మొదటిరోజే నేను బట్టీపట్టిన పాఠం ఇది. 1988 సంవత్సరం. కోస్తాలో ఓ పెద్ద సర్కారు ఆసుపత్రి. మెడికల్ వార్డు దాటాక మెట్ల కింద చిన్న గది. అందులో ఒక ఇనప మంచం, ఒక స్టూలు, చక్రాల బల్ల మీద ఈసీజీ మెషిన్. ఆ గదంతా మా టెక్నీషియన్ గారిది. అప్పటికే యాభై దాటిన మనిషి. ప్రొఫెసర్ల దగ్గర్నుంచి వార్డుబాయ్ దాకా ఎవరూ ఆయన్ని పేరుపెట్టి పిలిచేవారు కాదు. అందరికీ ఆయన గురువుగారు.

ఈసీజీ నాకు బాగా వచ్చనే అనుకునేవాణ్ణి. పీ వేవ్ ఎంత వెడల్పు ఉండాలి, పీఆర్ ఇంటర్వల్ ఎంత, బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఏ లీడ్‌లో ఎలా కనబడుతుంది, అన్నీ నోటికి వచ్చేవి. కానీ ఒక మనిషిని పడుకోబెట్టి ఈసీజీ తీయడం అప్పటిదాకా ఒక్కసారి కూడా చేయలేదు. గురువుగారు మొదటిరోజు నన్నే ఆ ఇనప మంచం ఎక్కమన్నారు. చొక్కా విప్పించి, చేతులకీ కాళ్లకీ చల్లటి జెల్లీ రాసి, స్టీలు ప్లేట్లు పెట్టి రబ్బరు పట్టీలు బిగించారు. ఛాతీ మీద బల్బు నొక్కి వదిలితే చర్మాన్ని పట్టి లాగింది. కదలొద్దు అన్నారు. కదలకుండా పడుకోవడం అంత కష్టమని అప్పుడే తెలిసింది. “పేషెంటుకి ఎలా ఉంటదో తమకీ తెలియాలి కదా బాబూ” అన్నారాయన, పట్టీలు విప్పుతూ.

మా దగ్గర ఉన్నది బీపీఎల్ మెషిన్. సింగిల్ ఛానల్. అంటే ఒకసారికి ఒక్క లీడే, గుండెని ఒక్క కోణం నుంచి చూసే గీతే, వస్తుంది. నాబ్ తిప్పి ఒకటి, రెండు, మూడు, తర్వాత ఏవీఆర్, ఏవీఎల్, ఏవీఎఫ్. ఆ తర్వాత తెల్ల తీగ ఉన్న ఒక్క బల్బునే ఛాతీ మీద ఆరు చోట్లకి జరుపుకుంటూ వీ1 నుంచి వీ6 దాకా. వేడెక్కిన సూది మైనం పూసిన కాగితం మీద నల్లగా గీసుకుంటూ పోతుంటే సన్నగా కాలిన వాసన వచ్చేది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడైనా మైనం కాలిన వాసన తగిలితే నాకు దీపాలు గుర్తుకురావు, ఆ మెట్ల కింద గది గుర్తుకొస్తుంది.

తీయడం మొదలుపెట్టే ముందు గురువుగారు ఒక బటన్ నొక్కేవారు. 1 మిల్లీవోల్టు బటన్ అది. నొక్కగానే గీత పైకి లేచి, కాసేపు నిలబడి, మళ్లీ కిందికి దిగేది. సరిగ్గా 10 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. మూలలు ద్వారబంధంలా నిటారుగా రావాలి. గుండ్రంగా వచ్చినా, కొమ్ములా పొడుచుకొచ్చినా సూది ఒత్తిడి, వేడి మళ్లీ సరిచూసేవారు. పేషెంటు గుండె ఎంత తొందరపెట్టినా ఆ ఒక్క డబ్బా గీయకుండా ఆయన ముందుకు కదలగా నేను చూడలేదు. “తక్కెడ సరిచూసుకోకుండా బెల్లం తూయం కదా” అనేవారు. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్ల చొప్పున నడుస్తుంది. చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. రెండు దెబ్బల మధ్య ఒక్క పెద్ద గడే ఉంటే నిమిషానికి 300, రెండుంటే 150, మూడుంటే 100, తర్వాత 75, 60, 50. ఎక్కాల్లా అప్పజెప్పించేవారు. ఇవాళ్టికీ ఈసీజీ చేతిలోకి రాగానే నా పెదాలు వాటంతటవే 300, 150, 100 అనుకుంటాయి.

జెల్లీ ట్యూబులు నెలాఖరుకి అయిపోయేవి. అప్పుడాయన సెలైన్‌లో ముంచిన గాజుగుడ్డ ముక్కలు ప్లేట్ల కింద పెట్టేవారు. గీత చక్కగానే వచ్చేది. ఉప్పునీరు కరెంటుని బాగా మోస్తుంది. ఈసీజీ పుట్టింది కూడా ఉప్పునీళ్లలోనే. 1900ల మొదట్లో హాలండులోని లైడెన్ ఊళ్లో ఐంథోవెన్ అనే ప్రొఫెసర్ తన మెషిన్‌తో గుండె కరెంటుని గీతగా పట్టుకున్నాడు. ఆ మెషిన్ బరువు దాదాపు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు. పేషెంటు రెండు చేతులూ, ఎడమ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టుకుని కూర్చునేవాడు. మెషిన్‌ని ఆసుపత్రికి కదిలించలేక, అక్కణ్ణుంచి కిలోమీటరున్నర దూరంలోని తన ల్యాబుకి టెలిఫోను తీగ మీద గుండె కరెంటుని తెప్పించుకున్నాడాయన. 1924లో నోబెల్ వచ్చింది. గీతలోని ఎత్తుపల్లాలకి వరసగా పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అన్న పేర్లు ఆయన పెట్టినవే. గురువుగారికి నేనీ కథ చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చేతిలో ఉన్న తడి గాజుగుడ్డ వంక చూసి, “అయితే మనం చేసేది పెద్దాయన పద్ధతే అన్నమాట” అన్నారు. ఆ రోజంతా ఆయన ముఖంలో వెలుగు చూశాను.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న అసలు విద్య పక్కటెముకలు లెక్కపెట్టడం. మేమంతా కంటి అంచనాతో బల్బు పెట్టేసేవాళ్లం. ఆయన ఒప్పుకునేవారు కాదు. నా చూపుడువేలు పట్టుకుని పేషెంటు గొంతు గుంటలో పెట్టి, అక్కణ్ణుంచి రొమ్ము ఎముక మీదుగా మెల్లగా కిందికి జరిపించేవారు. రెండంగుళాలు దిగగానే వేలికి అడ్డంగా చిన్న గట్టులా తగులుతుంది. లూయీ యాంగిల్ అని పుస్తకంలో చదివింది అదే. ఆ గట్టు పక్కన ఉన్నది రెండో పక్కటెముక. దాని కింద సందు రెండోది. అక్కణ్ణుంచి మూడు, నాలుగు. నాలుగో సందులో రొమ్ము ఎముకకి కుడిపక్క వీ1, ఎడమపక్క వీ2. ఐదో సందులో మెడ ఎముక మధ్య నుంచి గీత గీస్తే పడేచోట వీ4. వీ3 ఏమో వీ2కీ వీ4కీ మధ్య. వీ5, వీ6 మాత్రం వీ4తో సమానమైన ఎత్తులోనే చంక వైపు పోవాలి, పక్కటెముక వెంబడి పైకి ఎక్కకూడదు.

ఒక సందు పైన పెడితే ఏమవుతుందని ఒకరోజు అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. అదే పేషెంటుకి బల్బు రెండు సందులు పైకి జరిపి మళ్లీ తీసి రెండు కాగితం పట్టీలు పక్కపక్కన పెట్టారు. కింద పెట్టినప్పుడు నార్మల్. పైన పెడితే వీ2లో టీ వేవ్ తలకిందులైంది, వీ1లో రెండో చిన్న ఆర్ మొలిచింది. మనిషి అదే, గుండె అదే, మధ్యలో గడిచింది రెండు నిమిషాలు. “మీరు లేని జబ్బు రాసేస్తారు బాబూ, ఆయన ఇంటికెళ్లి జీవితాంతం గుండెజబ్బు ఉందనుకుంటాడు” అన్నారు. ఆ పట్టీలు రెండూ ఒక అట్టముక్కకి అంటించి ఇచ్చారు. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ కాగితం మీద గీత ఇంకా నల్లగానే ఉంది.

రాత్రి డ్యూటీల్లో మాకు పెద్ద శత్రువు కరెంటు. గీత సన్నగా రావాల్సింది పోయి, గొంగళిపురుగులా వెంట్రుకలతో వచ్చేది. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సైకిళ్లు, అందుకే ఒక్కో పెద్ద గడిలో సరిగ్గా పది ముళ్లు. లెక్కపెట్టి పది ఉంటే అది గుండె కాదు, గోడలోని వైరు. అప్పుడు ఫ్యాను ఆపాలి, ట్యూబ్‌లైటు ఆపాలి, మంచం గోడకి దూరంగా జరపాలి, పేషెంటు చెయ్యి ఇనప మంచానికి తగలకుండా కింద దుప్పటి మడతపెట్టాలి, జెల్లీ మళ్లీ రాయాలి. అప్పటికీ పోకపోతే మెషిన్ ఎర్త్ తీగ తీసుకెళ్లి నీళ్ల కుళాయికి కట్టేవాళ్లం. పేషెంటు వణుకుతుంటే వచ్చే గీత వేరే రకం. ముళ్లు లెక్కకి అందవు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. దానికి మందు దుప్పటి కప్పి రెండు నిమిషాలు ఆగడమే. చలికి వణికేవాళ్లకంటే భయంతో వణికేవాళ్లే ఎక్కువ. “కరెంటు పెడతన్నారా బాబూ, షాక్ కొడతాదా” అని అడగని పల్లెటూరి మనిషి లేడు. “మేం పెట్టం, నీ గుండెలో ఉన్న కరెంటునే చూస్తాం” అని గురువుగారు చెప్పిన మాటనే నేను ఈనాటికీ చెబుతున్నాను. ఆ ఒక్క మాటతో భుజాలు దిగడం, వేళ్లు వదులవడం కళ్లతో చూడొచ్చు. గీత కూడా వెంటనే బాగుపడుతుంది.

ఒక వానాకాలం రాత్రి ఎంత చేసినా ముళ్లు పోలేదు. పేషెంటుకి ఎగశ్వాస, ఇంటివాళ్లు చుట్టూ మూగి ఉన్నారు, నాకు చెమటలు. ఇంతలో ఆసుపత్రి అంతటికీ కరెంటు పోయింది. గురువుగారు చీకట్లోనే మెషిన్‌ని బ్యాటరీ మీదికి మార్చి స్విచ్ వేశారు. నేను టార్చి పట్టుకున్నాను. ఆ చిన్న వెలుగులో కాగితం మీద గీత దారప్పోగంత సన్నగా, శుభ్రంగా వచ్చింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. దెబ్బకీ దెబ్బకీ పొంతన లేదు. కీళ్లవాతంతో మైట్రల్ వాల్వు ముడుచుకుపోయిన పాతికేళ్ల అమ్మాయి. డిజాక్సిన్, లాసిక్స్‌లతో తెల్లారేసరికి పడుకోగలిగింది. అంత అందమైన గీతని నేను మళ్లీ చూడలేదేమో అనిపిస్తుంది.

తీగలు తారుమారవడం గురించి కూడా చెప్పాలి. ఎరుపు, పసుపు మారిపోతే ఒకటో లీడ్ మొత్తం తలకిందులవుతుంది, ఏవీఆర్ పైకి లేస్తుంది. నేను ఒకసారి అలాంటి కాగితం చూసి, గుండె కుడివైపు ఉన్న డెక్స్‌ట్రోకార్డియా దొరికిందని ఉత్సాహంగా మా యూనిట్ చీఫ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాగితం ముట్టుకోకుండానే, “స్టెత్ పెట్టి చూశావా, గుండె ఎటు కొట్టుకుంటోంది?” అని అడిగారు. నేను చూడలేదు. అప్పుడాయన కాగితం తీసుకుని ఛాతీ లీడ్లు చూపించారు. నిజంగా గుండె కుడివైపుంటే వీ1 నుంచి వీ6కి పోతున్నకొద్దీ గీత చిన్నదవుతూ పోవాలి. ఇక్కడ మామూలుగా పెరుగుతోంది. అంటే గుండె ఉన్నచోటే ఉంది, తీగలు తప్పాయి. ఆ రోజు నుంచి కాగితం కంటే ముందు మనిషిని చూడటం అలవాటు చేసుకున్నాను.

కానీ ఆ అలవాటు పూర్తిగా అబ్బడానికి ఇంకో రాత్రి కావాల్సి వచ్చింది. ఇది రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. రాస్తున్నాను.

రైస్ మిల్లులో బస్తాలు మోసే మనిషి. నలభై ఐదేళ్లుంటాయి. రాత్రి భోజనం చేశాక గుండెలో మంటగా ఉందని తమ్ముణ్ణి తోడు తీసుకుని నడిచి వచ్చాడు. గురువుగారు డ్యూటీలో లేరు. ఈసీజీ నేనే తీశాను. చూశాను. నాకు నార్మల్‌గానే కనిపించింది. యాంటాసిడ్ తాగించి, రానిటిడిన్ ఇంజెక్షన్ చేస్తే కాస్త తగ్గిందన్నాడు. “గ్యాసే, భయం లేదు” అని పంపించాను. వెళ్తూ నాకు దండం పెట్టాడు. తెల్లవారుజామున 1:35కి తమ్ముడు రిక్షాలో తీసుకొచ్చాడు. ఒళ్లంతా చల్లటి చెమట, చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. బీపీ 80. ఈసారి ఈసీజీలో వీ1 నుంచి వీ4 దాకా ఎస్టీ, అంటే ఎస్‌కీ టీకీ మధ్య గీత, పాము పడగెత్తినట్టు లేచి నిలబడింది. గుండెపోటు. రక్తపు గడ్డని కరిగించే స్ట్రెప్టోకైనేజ్ మా దగ్గర ఆ రాత్రి లేదు. తమ్ముడు చీటీ పట్టుకుని మందుల షాపుల తలుపులు కొడుతూ తిరిగాడు. అతను మందు తెచ్చేసరికి నాలుగైంది. 15 లక్షల యూనిట్ల వయల్ అది. దాన్ని కలిపే అవసరం రాలేదు.

మర్నాడు చీఫ్ రెండు కాగితాలూ బల్ల మీద పరిచారు. నన్ను తిట్టలేదు. మొదటి కాగితంలో వీ2, వీ3ల మీద వేలు పెట్టి, “ఈ టీ వేవ్‌లు చూడు, ఎంత పొడుగ్గా, ఎంత లావుగా ఉన్నాయో. నొప్పి మొదలైన కొత్తలో ఇలాగే ఉంటాయి. అరగంట ఆగి మళ్లీ తీసి ఉంటే దొరికేది” అన్నారు. చూస్తే నిజంగానే ఉన్నాయి. ముందు రాత్రి నా కళ్ల ముందే ఉన్నాయి. నేను ఎస్టీ లేచిందా లేదా అన్నదొక్కటే వెతికి, మిగతాది చూడలేదు.

గురువుగారు సాయంత్రం వచ్చి ఆ కాగితం అడిగి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. “టైము రాశారా బాబూ?” అని అడిగారు.

రాయలేదు. పేరు రాశాను, వయసు రాశాను. ఎన్నింటికి తీశానో రాయలేదు. ఓపీ రిజిస్టరు తిరగేస్తే 9:10కి వచ్చినట్టు ఉంది. ఆయన జేబులోంచి బాల్‌పెన్ను తీసి 9:10 అని రాసి, పక్కన ‘నొప్పి మొదలై అరగంట’ అని చేర్చారు. “ఇది ఆ నిమిషం గుండె చెప్పిన మాట మాత్రమే. పది నిమిషాల తర్వాత ఏం చెబుతాదో దీనికి తెలియదు. టైము లేకపోతే చదివేవాడికి సగమే చెప్పినట్టు” అన్నారు. అప్పటి నుంచి గుండె నొప్పి అన్న మనిషిని మొదటి ఈసీజీ బాగుందని నేను ఇంటికి పంపలేదు. నొప్పి ఉన్నంతసేపు పావుగంటకో, అరగంటకో మళ్లీ తీయాల్సిందే. అట్ట మీద టైము, నొప్పి ఎప్పుడు మొదలైందో రాయాల్సిందే. నా దగ్గర పనిచేసిన ప్రతి పిల్లడికీ, సిస్టరుకీ ఇది మొదటి పాఠం. ఆ మనిషి తమ్ముడి ముఖం మాత్రం నాకు ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది, మందు డబ్బా చేత్తో పట్టుకుని వార్డు గుమ్మంలో నిలబడి.

ఆ ఆగస్టులోనే లాన్సెట్ పత్రికలో ఐసిస్-2 పరిశోధన వచ్చింది. 17 వేల మందికి పైగా పేషెంట్ల మీద చేసింది. స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ కలిపి ఇస్తే ఎన్నో ప్రాణాలు నిలబడతాయని, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిదని తేల్చింది. పత్రిక మా చేతికి వచ్చేసరికి కొన్ని నెలలు పట్టింది. చీఫ్ దాన్ని పీజీలందరి చేతా చదివించారు. అంత చవకైన ఆస్పిరిన్ బిళ్లకి అంత శక్తి ఉందని మాకు అప్పుడే తెలిసింది. చదువుతున్నంతసేపూ నాకు ఆ 9:10 కనబడుతూనే ఉంది.

ఎండీ అయ్యాక నేను పలాస దగ్గర క్లినిక్ పెట్టుకున్నాను. ఉద్దానం అంచున. కొబ్బరితోటలు, జీడితోటలు, పక్కనే సముద్రం. చూడటానికి పచ్చగా ఉండే ఆ నేల మీద కిడ్నీ జబ్బు ఇంటింటికీ ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలం నుంచైనా వస్తారు. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. అక్కడ ఈసీజీ నాకు ఇంకో కొత్త పాఠం చెప్పింది.

కవిటి వైపు నుంచి ఒక జీడిపిక్కల కార్మికుణ్ణి ఆటోలో తెచ్చారు. ఒకే ఇంట్లో తండ్రికీ, అన్నకీ వచ్చిన జబ్బే అతనికీ వచ్చింది. రెండ్రోజులుగా వాంతులు. “కాళ్లు పీకేత్తన్నాయి, లేవలేకపోతన్నాను బాబూ” అంటున్నాడు. గొంతు పెగలడం లేదు. నీరసంగా ఉన్నాడని ఇంట్లోవాళ్లు పొద్దుట్నుంచీ కొబ్బరినీళ్లు పట్టారు. ఆ తోటల్లో ప్రేమతో ఇచ్చేది అదే. కానీ కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. నాడి నిమిషానికి 40 దాటడం లేదు. ఈసీజీ పెట్టాను. పీ వేవ్ ఎక్కడా లేదు. క్యూఆర్‌ఎస్, అంటే కింది గదుల దెబ్బ, వెడల్పుగా సాగిపోయింది. టీ వేవ్‌లు గుడి గోపురాల్లా మొనదేలి నిలబడ్డాయి. రక్తం ల్యాబుకి పంపితే రిపోర్టు రావడానికి గంటలు పడుతుంది. ఆ గుండెకి అన్ని గంటలు లేవు. కాగితాన్ని నమ్మి కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు మెల్లగా నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. మెషిన్ ఆపలేదు, కాగితం నడుస్తూనే ఉంది. ఇంజెక్షన్ పూర్తయిన మూడు నాలుగు నిమిషాలకి, నా కళ్ల ముందే, క్యూఆర్‌ఎస్ ఒక్కో దెబ్బకీ కొంచెం కొంచెం సన్నబడుతూ వచ్చింది. లావుపాటి గీత దగ్గరపడి దగ్గరపడి మామూలు గీతలా అయింది. సిస్టరమ్మ నా పక్కనే నిలబడి చూస్తూ నోట మాట లేకుండా ఉండిపోయింది.

కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు, గుండెకి కాసేపు గొడుగు పడుతుందంతే. గ్లూకోజులో ఇన్సులిన్ కలిపి ఎక్కించి, సాల్బుటమాల్ నెబ్యులైజర్ పెట్టి, అంబులెన్సులో డయాలసిస్‌కి పంపించాం. అప్పట్లో అందుకు చాలా దూరం పోవాలి. ఇప్పుడు పలాసలోనే కిడ్నీ రీసెర్చ్ సెంటరూ, 200 పడకల ఆసుపత్రీ ఉన్నాయి, 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అప్పుడే ఉండి ఉంటే ఎంతమంది బతికేవారో అని ఆ దారిన పోయిన ప్రతిసారీ అనుకుంటాను. అతను ఆ తర్వాత మూడేళ్లు డయాలసిస్ మీద ఉన్నాడు. పండగకి జీడిపప్పు పొట్లం పట్టుకొచ్చేవాడు. కొబ్బరినీళ్లు ఎందుకు వద్దో వాళ్ల వీధిలో అందరికీ తనే చెప్పేవాడు.

ఆడవాళ్లకి ఈసీజీ తీసే సంగతి విడిగా చెప్పుకోవాలి. పల్లెల్లో చాలామంది అమ్మలు గుండెనొప్పిని నొప్పి అని చెప్పరు. ఆయాసం అంటారు, వెన్ను లాగుతోందంటారు, దవడ పీకుతోందంటారు, “ఏటో గాబరాగా ఉంది నాయనా” అంటారు. ఛాతీ మీద తీగలు పెట్టాలంటే సిగ్గు. ఆ సిగ్గుని గౌరవించని చోట ఈసీజీ తప్పుగానే వస్తుంది. రవిక మీదుగా పైపైన ఎక్కడో పెట్టేస్తారు. గీత చిన్నదై ముందువైపు పాత హార్ట్ ఎటాక్ ఉందన్నట్టు కనబడుతుంది. మా క్లినిక్‌లో తెర, దుప్పటి, తీయడానికి సిస్టరు, ఈ మూడూ లేకుండా ఆడవాళ్లకి ఈసీజీ తీయలేదు. రొమ్ము ఎత్తి దాని కింద వీ4 పెట్టాలని సిస్టరుకి నేర్పించాను. మంగళసూత్రం తీయమని ఎవర్నీ అడగక్కర్లేదు. భుజం పక్కకి జరిపి, ఏ బల్బుకీ తగలకుండా దిండు మీద పెడితే చాలు. ఒకావిడ నల్లపూసలు పంటితో పట్టుకుని కళ్లు మూసుకుని పడుకుంది. ఆమె ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్‌లలో ఎస్టీ లేచి ఉంది. అలాంటివాళ్లకి వీ4 బల్బుని కుడివైపు అదే చోట పెట్టి ఇంకో లీడ్ తీయాలి. కుడి గదికి కూడా దెబ్బ తగిలిందేమో తెలుస్తుంది. తగిలితే నాలిక కింద సార్బిట్రేట్ పెట్టకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఆమెకి తగిలింది. సెలైన్‌తో బీపీ నిలబెట్టి పంపించాం, బతికింది.

ఇప్పుడు పన్నెండు లీడ్లూ ఒక్కసారే వస్తాయి. పది సెకన్లలో కాగితం చేతికి వస్తుంది, పైన మెషినే తన అభిప్రాయం అచ్చువేసి ఇస్తుంది. ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే విశాఖలో కార్డియాలజిస్టు రెండు నిమిషాల్లో జవాబిస్తారు. గడ్డ కరిగించే మందు టెనెక్టెప్లేస్ ఒక్క ఇంజెక్షన్‌తో అయిపోతుంది. ఇదంతా చూసి నాకు నిజంగా సంతోషం. ఆ రాత్రి మందుల షాపుల చుట్టూ తిరిగిన తమ్ముడిలాంటివాళ్లు ఇక తిరగక్కర్లేదు. కానీ కుర్ర డాక్టర్లు మెషిన్ రాసిన ఆ పైవరస చదివి కాగితం పక్కన పెట్టేస్తుంటే మనసొప్పదు. నేను ఆ వరసని వెనక్కి మడతపెట్టి ఇస్తాను. నువ్వు చదువు, తర్వాత మడత విప్పి చూద్దాం అంటాను. బల్బు ఎక్కడ పెట్టారో మెషిన్‌కి తెలియదు. పేషెంటుకి చెమటలు పడుతున్నాయని మెషిన్‌కి తెలియదు. ఇంకో మాట, ఈ కొత్త థర్మల్ కాగితం మీద గీత కొన్నేళ్లకే వెలిసిపోతుంది. పేషెంటుకి పాత ఈసీజీ చాలా విలువైనది, కొత్తదానితో పోల్చుకోవడానికి అంతకు మించింది లేదు. అందుకే ముఖ్యమైనవి జెరాక్సు తీయించి ఇస్తాం.

2007 వేసవిలో ఒక సాయంత్రం గురువుగారు మా క్లినిక్‌కి వచ్చారు. ఎప్పుడో రిటైరయ్యారు. కూతురు కాశీబుగ్గలో ఉంటుందట, ఆమెని చూడటానికి వచ్చారు. మధ్యాహ్నం నుంచి కళ్లు తిరుగుతున్నాయని, ఇక్కడ నేనున్నానని తెలిసి నడిచే వచ్చేశారు. చిక్కిపోయారు, జుట్టంతా తెల్లబడింది. జేబులో మాత్రం బాల్‌పెన్ను ఉంది. నేను కాళ్లకి దండం పెట్టబోతే, “ముందు పని కానివ్వండి బాబూ” అని చొక్కా విప్పుకుంటూ మంచం ఎక్కారు.

సిస్టరుని రానివ్వలేదు, నేనే తీశాను. స్పిరిట్ దూదితో తుడిచి జెల్లీ రాశాను. వేలు గొంతు గుంటలో పెట్టి కిందికి జరిపాను. పందొమ్మిదేళ్ల కిందట ఆ వేలు పట్టుకుని నడిపించిన చెయ్యి ఇప్పుడు మంచం మీద కదలకుండా పడుకుని ఉంది. గట్టు తగిలింది. రెండు, మూడు, నాలుగు. ఆయన కళ్లు మూసుకునే, పెదాలతో నాతో పాటు లెక్కపెడుతున్నారు. వీ5 దగ్గర నా చెయ్యి ఒక వేలంత పైకి పోయినట్టుంది. ఆయన చెయ్యి లేచి బల్బుని కొద్దిగా కిందికి జరిపింది, మళ్లీ పక్కకి వెళ్లి పడుకుంది.

కంప్లీట్ హార్ట్ బ్లాక్. పై గదులు నిమిషానికి 90, కింది గదులు 36, ఒకదాని మాట ఒకదానికి వినబడటం లేదు. పేస్‌మేకర్ పెట్టించాలి. విశాఖకి ఫోన్ చేసి, అంబులెన్సు పిలిపించాను. ఐవీ లైను పెడుతుంటే కాగితం చూపించమని అడిగారు. కళ్లద్దాలు పెట్టుకుని, గోటితో గడులు లెక్కపెట్టుకుంటూ మొదటి నుంచి చివరిదాకా చూశారు. పీ వేవ్‌లు ఒక్కొక్కటీ వేలితో చూపించారు. జబ్బు ఏమిటని నన్ను అడగలేదు. కాగితం నాకు తిరిగి ఇస్తూ, “టైము?” అన్నారు.

ఆయన జేబులో పెన్ను తీసుకుని 6:40 అని రాశాను.